మూడు గాడిదల లద్దెలోనే ముప్పాతిక నట్టల గుడ్లు: చంపావతి ఒడ్డున ఒక మంద కేసు

విజయనగరం జిల్లా, నెల్లిమర్ల వైపు చంపావతి ఒడ్డు. ఎనిమిది గాడిదల మంద: ఐదు ఆడవి, రెండు మగవి, ఏడు నెలల పిల్ల ఒకటి. వానలు తగ్గాక ఇటుక బట్టీల్లో మోతకు వెళ్తాయి. కేసు వచ్చింది అక్టోబరు మొదటి వారంలో. యజమాని చెప్పిన బాధలు మూడు. ముసలి ఆడ గాడిదకు ఎముకలు తేలిపోయాయి. పిల్లకు పొట్ట ఉబ్బి వెంట్రుక బిరుసెక్కింది. మరో ఆడ గాడిద రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. "బోలస్సు ముక్కలు చేసి బెల్లంలో ఎట్టీసినాం డాట్రు బాబూ, అయినా నట్టలు పోనేదు" అన్నాడాయన. బోలస్సంటే పశువులకు మింగించే పెద్ద మందు బిళ్ల.

మూడింటికీ నట్టలే (కడుపులోని పురుగులే) కారణమని ఆయన లెక్క. పరీక్షలో తేలింది వేరు. ముసలిదానికి పళ్లు, పిల్లకు నట్టలు, మేత మానేసినదానికి పేల కోసం పోసిన మందు. అసలు నట్టలు దండిగా ఉన్న పెద్ద గాడిద మాత్రం ఫిర్యాదులోనే లేదు. అది అందరి కంటే బాగానే కనిపించింది.

పని లేని కాలమే నట్టల కాలం

బట్టీలు జూన్ నుంచి నవంబరు దాకా ఆగిపోతాయి. ఆ ఆరు నెలలూ గాడిదల ముందుకాళ్లకు బంధం వేసి చెరువుగట్టు మీద వదిలేస్తారు. గాడిద నట్టల్లో ముఖ్యమైనవి చిన్న స్ట్రాంగైల్స్ (పెద్దపేగులో ఉండే సన్నటి పురుగులు). వాటి గుడ్లు లద్దెతో బయటపడి, వెచ్చగా తడిగా ఉంటే వారం తిరిగేలోపు పిల్లపురుగులై పొద్దుటి మంచుతో గడ్డిపోచ మీదికి ఎక్కుతాయి. మే ఎండల్లో అవి ఎక్కువ రోజులు బతకవు. ఆషాఢం నుంచి మార్గశిరం దాకా వాటికి పండగ.

విడిగా తిరిగే గాడిదలు లద్దె ఒకచోట వేసి మేత ఇంకోచోట మేస్తాయి. లద్దె చుట్టూ పెరిగిన గడ్డిని ముట్టవు. అది వాటి సొంత నట్టల నివారణ. బంధం వేసి రెండు సెంట్ల గట్టు మీద ఉంచితే ఆ అలవాటు చెల్లదు, వేసినచోటే మేయాలి. ఈ గట్టు మీద గడ్డి వేలి మందం కూడా లేదు. లద్దె పక్కన సైతం నేలకి గీసినట్టు మేసి ఉంది. కేసుకు సగం జవాబు అక్కడే దొరికింది.

ముందు ఎనిమిదో నంబరు

గుర్తు కోసం మందకు 1 నుంచి 8 దాకా నంబర్లు ఇచ్చాం. మేత మానేసిన గాడిదను, అంటే ఎనిమిదోదాన్ని, మిగతా పనులకంటే ముందు చూడాలి. గాడిద నొప్పిని గుర్రంలా చూపించదు. పొర్లదు, తన్నుకోదు, చెవులు వాల్చి ఊరికే నిలబడుతుంది. "నీరసంగా ఉంది" అన్న మాటే దాని విషయంలో అత్యవసరం. తిండి ఆగిన గాడిద ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి వరదలా దిగుతుంది. దాన్నే హైపర్‌లిపీమియా అంటాం. అసలు జబ్బు నయమైనా దీనితో ప్రాణం పోవచ్చు.

ఉష్ణోగ్రత 37.2 డిగ్రీలు, నాడి నిమిషానికి 60 (పెద్ద గాడిదకు 36 నుంచి 52 మామూలు), శ్వాస 24. రెండు డొక్కల్లోనూ పేగు చప్పుడు దాదాపు లేదు. ముందు రోజు వేసిన లద్దె చిన్న చిన్న ఎండు ఉండలు, పైన జిగురు. ఒంటి మీద ఒక మందు వాసన. అడిగితే సీసా తెచ్చి చూపించారు: ఆవుల గోమార్లకు వాడే ఎమిట్రాజ్ 12.5 శాతం. లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, పేలు ఉన్నాయని మగ్గుతో వీపు మీంచి పొట్ట దాకా పోశారు.

ఆవుకు ఆ మోతాదు సరిపోతుంది. గాడిద, గుర్రం, కంచరగాడిదలకు ఎమిట్రాజ్ పేగుల కదలికను ఆపేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పెద్దపేగులో మేత గట్టిపడి అడ్డుపడుతుంది. కొన్నిటికి మత్తు, తూలడం కూడా ఉంటాయి. సీసా మీద ఆ పేరు కనిపిస్తే మోతాదు తగ్గించి వాడే ప్రశ్నే లేదు, పక్కన పెట్టేయాలి.

చేతి తొడుగులతో, సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగించాం. చర్మం మీది మందు ఉన్నంతసేపూ లోపలికి పోతూనే ఉంటుంది. తర్వాత ముక్కు గొట్టం. గాడిద ముక్కు దారి గుర్రం కంటే ఇరుకు, తొందరపడితే రక్తం కారుతుంది. అందుకని గుర్రప్పిల్లలకు వాడే సన్న గొట్టం, జెల్లీ ఎక్కువగా. నీళ్లు పోసే ముందు గొట్టంలోంచి కడుపులోది వెనక్కి వస్తుందేమో చూడాలి. వస్తే పోయకూడదు. ఇక్కడ రాలేదు. లీటరు గోరువెచ్చని నీటికి ఉప్పు 5.3 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.4 గ్రా., తినే సోడా 3.8 గ్రా. కలిపి, విడతకు 2 లీటర్ల చొప్పున, రెండు గంటలకోసారి ఐదు విడతలు పోశాం. బరువు 105 కిలోలు కాబట్టి విడతకు అంతకు మించలేదు. తడి కాస్త ఎక్కాక ఫ్లునిక్సిన్ (నొప్పి మందు) కిలోకు 1.1 మి.గ్రా. చొప్పున 2.3 మి.లీ. సిరలోకి. గాడిద ఒంట్లోంచి ఈ మందు గుర్రంలో కంటే త్వరగా పోతుంది కాబట్టి 12 గంటలకు మళ్లీ ఇచ్చాం.

రక్తం తీసి గొట్టాన్ని అరగంట నిలబెడితే పైన తేలిన ప్లాస్మా పలచని మజ్జిగలా ఉంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) డెసిలీటరుకు 340 మి.గ్రా. (250 దాటితే గాడిదకు ఎక్కువ). 5 శాతం డెక్స్‌ట్రోజ్ లీటరు నెమ్మదిగా ఎక్కించాం. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) మామూలుగానే ఉంది, కానీ దాన్ని చూసి ధైర్యపడకూడదు. గాడిదలో నీరు బాగా తగ్గేదాకా పీసీవీ పెరగదు. ముప్పై గంటలకు జిగురుతో కలిసిన మెత్తటి లద్దె పడింది. మూడో రోజు పచ్చగడ్డి కొరికింది. నట్టల మందు దానికి అప్పుడు వేయలేదు. పేగు ఆగిన గాడిదకు ఏ నట్టల మందూ వేయకూడదు.

లద్దె లెక్క

మిగతా ఏడింటి లద్దె మొదటి రోజే, ఎనిమిదోదానిది మూడో రోజు తీశాం. అప్పుడే వేసిన లద్దెలో నేలకు ఆనని లోపలి ఉండల్ని తీసుకోవాలి. పాలిథిన్ సంచిని చేతికి తొడుక్కుని ఉండ పట్టి, సంచి తిరగేసి, గాలి పిండేసి ముడి వేయాలి. నంబరు సంచి మీదే రాయాలి. స్కూటర్ డిక్కీలో గంటలకొద్దీ తిరిగిన సంచిలో గుడ్లు పొదిగిపోతాయి, లెక్క తక్కువ వస్తుంది. ఐసు ముక్కల పక్కన పెట్టి తెచ్చి అదే రోజు చూశాం.

గుడ్లు లెక్కించింది మెక్‌మాస్టర్ పద్ధతిలో, గీతలున్న రెండు గదుల స్లైడుతో. లీటరు వేడినీటిలో సుమారు 400 గ్రా. ఉప్పు, ఇంకా కరగక అడుగున కొంచెం మిగిలేదాకా కలిపి చల్లార్చాలి. సాంద్రత 1.20 రావాలి. 3 గ్రా. లద్దెకు 42 మి.లీ. ఉప్పునీరు, బాగా నలిపి, టీ వడగట్టులో వడకట్టి, మళ్లీ కలుపుతూ స్లైడు రెండు గదులూ నింపాలి. ఐదు నిమిషాలు ఆగి గీతల లోపలి గుడ్లు లెక్కించి, రెండు గదుల మొత్తాన్ని 50తో హెచ్చవేస్తే గ్రాముకు గుడ్లు. మరీ ఆలస్యం చేస్తే ఉప్పు గడ్డకట్టి గుడ్లు నలిగి గుర్తుపట్టలేం. స్ట్రాంగైల్ గుడ్డు కోలగా, పలచటి పెంకుతో, లోపల ద్రాక్షగుత్తిలా కణాలతో ఉంటుంది. ఏలికపాము గుడ్డు గుండ్రంగా, గోధుమరంగులో, దళసరి గరుకు పెంకుతో ఉంటుంది.

స్ట్రాంగైల్ లెక్క ఇలా వచ్చింది. 1 (ముసలిది): 200. 2 (పిల్ల తల్లి): 1250. 3 (పిల్ల): 900, దానితో పాటు ఏలికపాము గుడ్లు 650. 4: 150. 5: 1800. 6 (మగది): సున్నా. 7 (మగది): 450. 8: 700.

మంద మొత్తం గడ్డి మీద రాల్చే గుడ్లలో 2, 3, 5 నంబర్లవే 72 శాతం. ఏ మందలో చూసినా తీరు దాదాపు ఇంతే. కొన్ని జీవాలు రాలుస్తాయి, మిగతావి తింటాయి. ఐదో నంబరు ఒళ్లు బాగానే ఉన్నా కంటి లోపలి పొర పాలిపోయింది, పీసీవీ 24 (27 నుంచి 42 ఉండాలి). ఎవరూ చెప్పని రోగి అదే.

చెరువుగట్టు మేత కాబట్టి కార్జపు జలగ (లివర్ ఫ్లూక్) గుడ్ల కోసం నీటిలో అడుక్కి పేర్చే పరీక్ష విడిగా చేశాం. అవి ఉప్పునీటిలో తేలవు. కనబడలేదు. వానాకాలం జోరీగలు ఎక్కువ కాబట్టి 1, 5 నంబర్లకు సర్రా (జోరీగలు మోసుకొచ్చే రక్తపు జబ్బు) కోసం చెవి రక్తం తడి స్లైడు, రంగు వేసిన స్లైడు చూశాం. అదీ లేదు.

మందు పని చేయలేదా, సరిగా వేయలేదా?

యజమాని మూడు వారాల కింద వేసింది ఆవుల ఫెన్‌బెండజోల్ 1.5 గ్రాముల బోలస్, గాడిదకు పావు ముక్క చొప్పున. అంటే 375 మి.గ్రా. నూట పది కిలోల గాడిదకు కావాల్సింది కిలోకు 7.5 చొప్పున 825. సగానికి తక్కువ పడింది. అదీ బెల్లం ఉండలో. గాడిద ఉండని బుగ్గలో పెట్టుకుని బెల్లం చప్పరించి ముక్కని ఊసేయగలదు. ఇలా సగం మోతాదు వేస్తూపోతే బలహీనమైన నట్టలు చచ్చి మొండివి మిగులుతాయి. వచ్చే ఏడు వాటి పిల్లలే గట్టు మీద ఉంటాయి.

కాబట్టి మందు చచ్చిందా, మోతాదు చచ్చిందా అన్నది ముందు తేల్చాలి. రైసుమిల్లులో బస్తాలు తూచే 300 కిలోల కాటా మీద పలక వేసి ఒక్కొక్కదాన్నీ తూచాం. కంటి అంచనాకూ కాటాకూ 20 కిలోల దాకా తేడా వచ్చింది, ఎక్కువసార్లు కన్ను తక్కువే చెప్పింది. రెండు: 108 కిలోలు. మూడు: 55. ఐదు: 117. ఏడు: 126. ఫెన్‌బెండజోల్ 10 శాతం ద్రావణం వరసగా 8.1, 4.1, 8.8, 9.5 మి.లీ. సూది లేని సిరంజిని నోటి మూలన పళ్లు లేని ఖాళీలోంచి పెట్టి నాలుక వెనక్కి వదిలాం. ముందు నోట్లో మేత లేకుండా చూసుకోవాలి, మింగేదాకా గడ్డం పైకి పట్టుకోవాలి.

పద్నాలుగో రోజు లెక్క: రెండు 1250 నుంచి 700, మూడు 900 నుంచి 550, ఐదు 1800 నుంచి 950, ఏడు 450 నుంచి 150. మొత్తం 4400 నుంచి 2350. తగ్గింది 47 శాతం. 90 కంటే తక్కువ తగ్గితే స్ట్రాంగైల్స్ ఫెన్‌బెండజోల్‌కు మొండికేశాయని అర్థం. నాలుగు జీవాల లెక్క కాబట్టి శాతం మీద పంతం పట్టక్కర్లేదు. కానీ పూర్తి మోతాదు కళ్లెదుట మింగాక కూడా సగం గుడ్లు మిగిలితే సందేహం ఏముంది? ఈ మందకు స్ట్రాంగైల్స్ విషయంలో ఆ మందు ఇక లేనట్టే. పేగు గోడలో తిత్తి కట్టిన పిల్లపురుగులకని ఐదు రోజులు వరసగా ఇచ్చే పద్ధతి కూడా ఇక్కడ దండగ.

పిల్ల విషయంలో మాత్రం అదే మందు పని చేసింది. 650 ఉన్న ఏలికపాము గుడ్లు సున్నాకు దిగాయి. ఒకే జీవం, ఒకే రోజు, ఒకే సిరంజి. ఒక నట్ట పోయింది, ఇంకోటి పోలేదు. ఐవర్‌మెక్టిన్‌తో (ఇంకో నట్టల మందు) చాలా చోట్ల ఇది తలకిందులుగా ఉంటుంది: స్ట్రాంగైల్స్ పోతాయి, ఏలికపాములు మిగులుతాయి. అందుకే పిల్లకు ఫెన్‌బెండజోల్ ముందు పెట్టాం. ఇంకో కారణం కూడా ఉంది. ఏలికపాములు బాగా ఉన్న పిల్లకు వాటిని ఒక్కసారిగా చచ్చుబడేసే మందు వేస్తే అవన్నీ ముద్దకట్టి పేగుకు అడ్డం పడతాయి. ఫెన్‌బెండజోల్ నెమ్మదిగా చంపుతుంది. మందు వేశాక మూడు రోజులు లద్దె పడుతోందా, పిల్ల తల్లిని తాగుతోందా అని గమనించమన్నాం.

పద్నాలుగో రోజునే 2, 3, 5, 7, ఇక కోలుకున్న 8 నంబర్లకు గుర్రాల ఐవర్‌మెక్టిన్ పేస్టు (1.87 శాతం), కిలోకు 0.2 మి.గ్రా. వంద కిలోలకు 20 మి.గ్రా., అంటే పేస్టు 1.07 గ్రా. సిరంజి కాడ మీద గుర్తును బరువు కంటే ఒక మెట్టు పైకి పెట్టాం. ఆవుల ఐవర్‌మెక్టిన్ సూదిని గాడిదకు పొడవద్దు. పొడిచినచోట వాపు, ఒక్కోసారి క్లోస్ట్రీడియం బ్యాక్టీరియా సోకి కండ కుళ్లడం ఉంటాయి. లెవామిసోల్ అనే నట్టల మందు కూడా ఆవులకే. గాడిదల్లో అది మందుకీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ.

ఇరవై ఎనిమిదో రోజు ఐదింటిలోనూ సున్నా. మెక్‌మాస్టర్‌లో సున్నా అంటే 50 కంటే తక్కువ అని చదవాలి. ఐవర్‌మెక్టిన్ వేసిన ఎనిమిదో వారంలో ఐదో నంబరుకు మళ్లీ 100 కనిపించింది. ఐవర్‌మెక్టిన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు గుడ్లు రావడం మామూలే. అంతకంటే ముందే వస్తుంటే ఆ మందూ జారిపోతోందని అనుమానించాలి.

1, 4, 6 నంబర్లకు ఏ మందూ వేయలేదు. మా హద్దు గ్రాముకు 300 గుడ్లు. "మూడింటికి ఎందుకు మానీసినారు?" అని యజమాని అడగడం సబబే. మందు తగలని నట్టలు కొన్ని మందలో మిగిలితే మొండి నట్టల పిల్లలు వాటితో కలిసి పలచబడతాయి. అన్నిటికీ ఒకేరోజు వేసేస్తే బతికేవి మొండివే.

రెండో నంబరు పాలు పట్నంలో చిన్నపిల్లలకు పట్టడానికి అమ్ముతున్నారని ఆలస్యంగా తెలిసింది. ఐవర్‌మెక్టిన్ కొవ్వులో నిలిచి పాలలోకి చాలా రోజులు దిగుతుంది. ఈ ఈత పాలు ఇక అమ్మవద్దన్నాం. ఈ ప్రశ్న మందు వేసే ముందే అడగాలి.

ముసలిదాని నోరు

ఒకటో నంబరు గుడ్లు 200. అంత చిక్కిపోవడానికి అవి చాలవు. లెక్క తక్కువగా ఉన్నంత మాత్రాన గోడలో తిత్తికట్టిన పిల్లపురుగులు లేవని కాదు, ఆ పిల్లపురుగులు గుడ్లు పెట్టవు. కానీ పారుడు లేదు, రక్తంలో ప్రొటీన్ తగ్గలేదు, పీసీవీ 29. అది నిలబడిన చోట నేల మీద నమిలి ఊసిన చోడిగడ్డి ఉండలు, బొటనవేలంత లావు. అవి చూశాక నోరు తెరవకుండా ఉండలేం. జైలజీన్ (మత్తుమందు) కిలోకు 1.1 మి.గ్రా. సిరలో ఇచ్చి, నోరు తెరిచే పట్టు వేసి చూస్తే పై దవడ బయటి అంచులు బుగ్గలోకి గుచ్చుకుని పుండ్లు. కింద ఒక పన్ను ఊడి, దానికి ఎదురుపన్ను ఆ సందులోకి దిగింది. ఆకురాయితో అంచులు దించాం, దిగిన పన్నును ఒక్కసారే మొత్తం కొయ్యకుండా కొంత తగ్గించాం.

దానికి ఇక పొడుగు గడ్డి లేదు. సన్నగా నరికిన గడ్డి, ఉడికించి చిదిమిన ఉలవలు, కొద్దిగా తవుడు కలిపి నానబెట్టి రోజుకు నాలుగుసార్లు. గాడిద మేత ఎండు లెక్కన రోజుకు ఒంటి బరువులో 1.3 నుంచి 1.7 శాతం. ఇంత చిక్కినదానికి పై అంకె పట్టుకోవాలి. తవుడు ఒక్కటే పెడితే భాస్వరం ఎక్కువై ఎముకలు మెత్తబడతాయి. ఇలా కొవ్వు లేని జీవానికి మాక్సిడెక్టిన్ అనే నట్టల మందు జోలికి కూడా పోలేదు. అది కొవ్వులో దాక్కునే మందు, కొవ్వు లేకపోతే తలకెక్కుతుంది.

పేలు, గట్టు

మెడజూలు కింద తెల్లకాగితం పట్టి దువ్వెనతో దువ్వితే పడ్డవి తల వెడల్పుగా ఉన్న కొరికే పేలు. రక్తం పీల్చే పేలయితే తల సన్నగా మొనదేలి ఉంటుంది. కొరికేవి రక్తం తాగవు కాబట్టి నోట్లో వేసిన ఐవర్‌మెక్టిన్ వాటికి సరిగా తగలదు. డెల్టామెత్రిన్ 1.25 శాతం, లీటరుకు 2 మి.లీ., ఒక్కొక్కదానికి రెండు మూడు లీటర్లు, స్పాంజితో జూలు, తోకమొదలు, తొడల లోపల. ఈపులు చావవు కాబట్టి 14 రోజులకు మళ్లీ. మోత వేసే గోనెపట్టాలు మరిగించి ఎండబెట్టాలి, ఒకదానిది ఇంకోదానికి వేయకూడదు. మిగిలిన మందునీళ్లు చెరువులో పారబోస్తే చేపలు తేలిపోతాయి.

గట్టు మీద చేయాల్సింది ఒళ్లు వంచే పని: లద్దె వారానికి రెండుసార్లు తట్టలో ఎత్తి కుప్ప వేయడం. వారానికి ఒకసారైతే వానాకాలంలో ఆలస్యం, అప్పటికే పిల్లపురుగులు గడ్డి ఎక్కేస్తాయి. కుప్ప లోపల వేడెక్కితే పురుగు చస్తుంది, పైపొర తిరగేస్తూ ఉండాలి. పచ్చి లద్దె మేత పొలంలో చల్లకూడదు. పక్కింటివారి గేదెల్ని అదే గట్టు మీద మేపితే మేలు. గాడిద స్ట్రాంగైల్స్ పిల్లల్ని గేదెలు గడ్డితో మింగేస్తాయి, ఆ పురుగులు గేదె కడుపులో బతకలేవు. బంధం తీసి పొడవాటి తాడుతో రోజుకో చోట కట్టడం మొదలుపెట్టారు. కొత్త గాడిద కొంటే మూడు వారాలు వేరుగా ఉంచి, లద్దె చూసి, ఐవర్‌మెక్టిన్ వేసి, రెండు మూడు రోజులు గట్టెక్కనీయకుండా ఉంచి, 14 రోజులకు మళ్లీ లెక్కించాకే మందలో కలపాలి.

జనవరిలో మంద బట్టీకి పోయింది. ఐదో నంబరు పీసీవీ 31. పిల్ల 68 కిలోలు. ఎనిమిదోది మోతకు వెళ్తోంది. ముసలిదానికి తొమ్మిది కిలోలు పెరిగింది, కానీ కుడి పక్క పన్ను ఒకటి కదులుతోంది, మార్చిలో నోరు ఇంకోసారి తెరవాలి. తర్వాతి లద్దె లెక్క జులైలో, తొలకరి గడ్డి మేసిన ఆరు వారాలకు. ఆరో నంబరు మూడుసార్లు లెక్కించినా సున్నానే.